క్రిస్మసు పాటలు ఎవరి సొత్తు?

డిసెంబరు మాసము సగము గడచునప్పటికి మన నగరములలో బట్టల దుకాణములయందును, మిఠాయి అంగళ్లయందును, విమానాశ్రయములయందును ఒకే తీరు పాటలు వినవచ్చుచుండును. యంత్రము వానిని ప్రొద్దుట మొదలు రాత్రి పదిగంటల వఱకు తిప్పి తిప్పి వినిపించును. బేరమాడువారు బేరమాడుచునే యుందురు. సొమ్ము చెల్లించువారు చెల్లించుచునే యుందురు. ఆ పాట యెవరు కట్టినదో, ఏ దేశమున ఏ కష్టకాలమున బుట్టినదో విచారించువారు వేయింటి కొకరును కానరారు. వినుట వేఱు, చెవిని బడుట వేఱు. ఏటేట మనకు జరుగుచున్నది ఈ రెండవదియే.

ఇక చదువుకొన్న పెద్దలలో ఈ పాటలయెడ మఱియొక భావము గలదు. "ఇవి దొరల పాటలు" అని వారి యభిప్రాయము. మిషను పాఠశాలలలో చదివిన తరములవారు వీనిని దొరసానుల పియానో ప్రక్కను నిలువబడి నేర్చుకొనిరి; కలెక్టరు బంగళాలోని విందులకు దూరమునుండి చెవియొగ్గి వినిరి. కావున పరప్రభుత్వముతోడనే యీ పాటలును ఓడ దిగినవని తలచుట సహజమే. 1947లో దొరలు వెడలిపోయిరి, పాటలు మాత్రము నిలిచిపోయినవని కొందఱు నొచ్చుకొందురు కూడను. ఈ భావము పొరపాటని మా మనవి. క్రిస్మసు పాటలలో జనులు గుండెకు హత్తుకొన్నవానిని ఏరి, ఒక్కొక్కదాని పుట్టుక విచారించినచో, సింహాసనముల చెంత బుట్టినవి మిక్కిలి యరుదు. వానిని కట్టినవారిలో నేతగాని కొడుకు గలడు, తండ్రి పేరు నోచుకొనని పేద గురువు గలడు, ద్రాక్షసారాయి వర్తకుడు గలడు, స్వాతంత్ర్యము దక్కీ దక్కని జాతికి జెందిన పల్లె బడిపంతులు గలడు. పాలకులు ఈ పాటల విషయమున చేసినపని తఱచుగా నొక్కటే: నిషేధించుట.

మొదట ఇంగ్లాండు సంగతియే చూతము. పదునేడవ శతాబ్దమున రాజునకును పార్లమెంటునకును యుద్ధము జరుగుచుండగా, పార్లమెంటు పక్షమున ప్రబలులైన ప్యూరిటనులను మతసంస్కర్తలు క్రిస్మసు పండుగ బైబిలులో లేదనియు, అది తాగుడునకును తందనాలకును నెపమనియు వాదించిరి. 1644లో డిసెంబరు 25వ తేది ఉపవాసదినముగా నాచరింపవలెనని ఉత్తరువు వెడలెను. 1647 జూనులో పండుగనే రద్దు చేయుచు శాసనము చేసిరి. ఆ యేటి క్రిస్మసునాడు కాంటర్బరీ పట్టణమున మేయరు దుకాణములన్నియు తెఱచియుంచవలెనని యాజ్ఞాపింపగా, జనులు తెఱచిన దుకాణములపై బడి సరకులు వీథిలో పాఱవైచిరి, ఇండ్ల గుమ్మములకు పచ్చని హాలీ కొమ్మలు గట్టిరి, కాలిబంతులు వీథులలోనికి దొర్లించిరి, అడ్డువచ్చిన మేయరును నేలగూల్చిరి. సముద్రమున కావల, అమెరికాలో ఆ మతస్థులే స్థాపించిన మాసచూసెట్సు వలసరాజ్యమున 1659లో మఱియొక శాసనము వచ్చెను. దానిప్రకారము క్రిస్మసు జరుపుకొన్నవారు అయిదు షిల్లింగులు జరిమానా చెల్లింపవలెను. అది 1681 వఱకు అమలునందుండెను. తరువాతి కాలమున మనకు క్రిస్మసు సెలవులిచ్చిన జాతియే యొకప్పుడు తన పండుగను తానే నేరముగా జేసికొన్నదన్న సంగతి మన పాఠశాలల చరిత్ర పుస్తకములలో మేము చదివిన జ్ఞాపకము లేదు.

1660లో రాజు తిరిగివచ్చినపిమ్మట పండుగయు తిరిగివచ్చెను. కాని దేవాలయములలో పాటలకు మాత్రము తలుపులు సరిగా తెఱచుకొనలేదు. గొఱ్ఱెల కాపరులకు దేవదూత కనబడిన ఘట్టమును గూర్చి నేహమ్ టేట్ అనునతడు వ్రాసిన గీతమొక్కటి 1700లో అంగీకృత గ్రంథమున జేరినది. ఏండ్ల తరబడి అదియొక్కటియే అధికారముద్ర గలిగిన క్రిస్మసు గీతము. తక్కిన పాటలేమైనవి? పల్లెలకు బోయినవి. కూలివాండ్రు, పాలవాండ్రు, చర్చి గంట కొట్టువాండ్రు వానిని తల్లిదండ్రులవద్ద నేర్చి పిల్లలకు నేర్పిరి. కాలణా కాగితములమీద అచ్చువేసి సంతలలో నమ్మిరి. 1833లో విలియం శాండిస్ అను న్యాయవాది ఇట్టి పాటలు సేకరించి గ్రంథముగా వెలువరించువఱకు విద్వాంసులు వానివంక గట్టిగా చూచినవారు కారు. మన స్త్రీల పాటలును అంతియే గదా! ఏ ఆస్థానకవియు వానిని గూర్చి తలపెట్టలేదు. దంపుళ్లదగ్గఱను, ఊయలదగ్గఱను పాడుకొని మన అమ్మమ్మలే వానిని నిలిపిరి. చార్లెసు డికెన్సు 1843లో క్రిస్మసును గూర్చి తన చిన్నకథను వెలువరించినప్పుడు దానికి పాట యనియే పేరు పెట్టి, అధ్యాయములను చరణములని పిలిచెను. ఆ కథలో లోభివాని తలుపుసందున ఒక పిల్లవాడు పాట యెత్తుకొనగా, ఆ లోభి చేతికందిన గీతబద్ద పుచ్చుకొని తఱుమును. పార్లమెంటు రెండువందల యేండ్లక్రిందట జేసినపనిని ఆ ముసలివాడు ఒంటరిగా జేసినాడన్నమాట.

ఇంగ్లాండు నిట్లు విడిచి, లోకమంతయు నెఱిగిన పాటకడకు బోవుదము. తెలుగు క్రైస్తవులు "శుద్ధరాత్రి" అని పాడుకొను గీతమును వినని పాఠకుడుండడు. దాని మూలము జర్మను భాష, జన్మస్థానము ఆస్ట్రియా దేశమున సాల్జ్‌బర్గు ప్రాంతము. దాని పదములు వ్రాసిన జోసెఫ్ మోర్ 1792లో సాల్జ్‌బర్గు నగరమున బుట్టెను. తల్లి అల్లికపని జేసి పొట్టపోసికొను నిరుపేద. తండ్రి సైన్యమున జేరిన బంటు, తల్లిని పెండ్లాడలేదు. బిడ్డకు జ్ఞానస్నానవేళ సాక్షిగా నిలుచుటకు గౌరవస్థులెవరు వత్తురు? ఆ నగరపు తలారి పేరు సాక్షిగా వ్రాయబడినది. దేవాలయ గాయక బృందమున పెద్దగా నుండిన యొక దయాళువు ఆ బాలుని గొంతు విని చేరదీసి చదువు చెప్పించెను. వివాహేతర జన్మము గలవాడు గురుత్వము బొందుటకు ప్రత్యేకానుమతి కావలసియుండగా, అదియు సంపాదించుకొని 1815లో మోర్ గురువయ్యెను.

ఆ సంవత్సరములు యూరపునకు నరకతుల్యములు. నెపోలియను యుద్ధములు అప్పుడే ముగిసినవి. సాల్జ్‌బర్గు పూర్వము స్వతంత్ర సంస్థానము; పదునైదేండ్లు తిరుగకుండ నది ఫ్రెంచివారి పాలబడి, బవేరియా పాలబడి, తుదకు 1816లో ఆస్ట్రియాకు జిక్కెను. ఊళ్లను గీతలు గీచి పంచుకొనిరి. సాల్జాక్ నది యొడ్డున లాఫెన్ అను పట్టణ ముండెడిది. నదియే సరిహద్దని తీర్మానింపగా పట్టణము బవేరియాకును, దానికే చెందిన ఒబెర్న్‌డోర్ఫ్ అను పేట ఆస్ట్రియాకును బోయినవి. ఉప్పు పడవలు నడుపుకొని బ్రదుకు పేటవాసులు ఒక్కరాత్రిలో తమ యూరికే పరదేశీయులైరి. దీనికి తోడు ప్రకృతియు పగబట్టెను. 1815 ఏప్రిలులో, ఇప్పటి ఇండొనీషియాలోని తంబోరా అగ్నిపర్వతము బ్రద్దలై ఆ ధూళి ఆకాశమును గప్పుటచే 1816లో యూరపున వేసవియే రాలేదు. పంటలు పోయినవి, కఱవు వచ్చినది. ఆ 1816లోనే, మరియాప్‌ఫార్ అను కొండపల్లెలో సహాయ గురువుగా నున్న మోర్ ఈ పద్యమును వ్రాసెను. యుద్ధము, కఱవు, పరసైన్యము, ఇన్నిటినడుమ వ్రాసిన పద్యము శాంతిని గూర్చినదగుట ఆశ్చర్యము గాదు. శాంతి లేనివానికే దాని విలువ తెలియును.

రెండేండ్లకు మోర్ ఆ చీలిన పేట ఒబెర్న్‌డోర్ఫ్‌లోనే పనిచేయుచుండెను. 1818 డిసెంబరు 24వ తేదిన అతడు తన పద్యమును ప్రక్కయూరి బడిపంతులైన ఫ్రాంజ్ గ్రూబర్ చేతికిచ్చి, రెండు గొంతులకును గిటారునకును దగినట్లు బాణీ కట్టుమని కోరెను. గ్రూబర్ నేతగాని కుమారుడు. బడిలో పాఠములు చెప్పుచు చర్చిలో ఆర్గను వాద్యము వాయించుచుండెడివాడు. నాటి సాయంకాలమే బాణీ సిద్ధమయ్యెను. ఆ రాత్రియే పాడిరి. మోర్ గిటారు మీటుచు పై గొంతున, గ్రూబర్ మంద్రమున. గిటారు నాడు సారాయి దుకాణములలోని వాద్యము. పూజామందిరమునకు దగినది కాదని పెద్దల భావము. ఆర్గను గాలిసంచిని ఎలుకలు కొఱికివేయుటచే గిటారు వాడవలసివచ్చెనని యొక ముచ్చటైన కథ గలదు. గ్రూబర్ తరువాత స్వహస్తమున వ్రాసిన వృత్తాంతమున ఎలుకల ప్రసక్తి లేదు. కథ లేకున్నను పాటకు లోపమేమియు లేదు.

పాట లోకమున బడిన విధము మఱింత వినదగినది. ఆర్గను బాగుచేయుటకు వచ్చిన మౌరాకర్ అను పనివాడు ఆ కాగితమును తన టిరోలు కొండలకు గొనిపోయెను. అక్కడ చేతితొడుగులు కుట్టి యమ్ముకొను స్ట్రాసర్ కుటుంబమువారు దానిని నేర్చుకొని, సరకుతో లైప్‌జిగ్ సంతకు వెళ్లినప్పుడు పాడిరి. రైనర్ అను మఱియొక గాయక కుటుంబము 1839లో న్యూయార్కున వినిపించెను. పాట పెరిగినది, కట్టినవారి పేరు మఱుగుపడినది. ఇంత మధురమైన బాణీ ఏ మహావిద్వాంసునిదో యయియుండవలెనని పండితులు తలచిరి. 1854లో బెర్లిను రాజాస్థాన సంగీతశాలవారు, ఇది హైడన్ సోదరులలో నొకడైన మికేల్ కట్టినదా యని సాల్జ్‌బర్గునకు వ్రాసి యడిగిరి. ఆ ప్రశ్న గ్రూబర్ కుమారునిద్వారా గ్రూబర్ చెంత జేరగా, ఆ ముసలి పంతులు 1854 డిసెంబరు 30వ తేదిన జరిగినది జరిగినట్లు వ్రాసి పంపెను. అప్పటికి మోర్ లేడు. 1848లో వాగ్రైన్ అను పల్లెలో చిల్లిగవ్వ లేకుండ మరణించెను. సంపాదించినదంతయు పేదపిల్లల చదువునకే వెచ్చించెను. 1995లో అతని చేవ్రాతతో నున్న ప్రతి బయటపడి, పదములు 1816 నాటివనియు, బాణీ గ్రూబరుదనియు నిస్సంశయముగా తేల్చినది. నేడీ పాట మూడువందలకు మించిన భాషలలో గలదని చెప్పుదురు.

ఇచ్చట నొక్క విషయము. మోర్ పద్యమున ఆఱు చరణములు గలవు. సాధారణముగా పాడునవి మూడే. విడిచిపెట్టిన చరణములలో నొకదానియందు, భూమిమీది జాతులనన్నిటిని దైవము సోదరభావముతో కౌగిలించుకొన్నదను భావము గలదు. సరిహద్దు గీతచే చీలిన జనులకు ఆ మాట యెట్లు వినబడియుండునో యోచింపుడు. లోకము పాటలోని నిద్రను, నిశ్శబ్దమును ఉంచుకొని ఈ చరణమును జారవిడిచినది. మాకు మాత్రము పాటకు ప్రాణము ఆ చరణమనియే తోచుచున్నది.

ఆ చరణము పాడకున్నను దాని యర్థము ఒకసారి యుద్ధభూమిలోనే కంటబడినది. 1914 డిసెంబరు 24వ తేది రాత్రి, ఫ్రాన్సు బెల్జియముల సరిహద్దున ఇంగ్లీషు సైన్యమును జర్మను సైన్యమును కందకములలో నెదురెదురుగ నుండెను. జర్మనులు కందకపు గట్లపై చిన్న చెట్లను నిలిపి దీపములు వెలిగించి, ఈ పాటను ఎత్తుకొనిరి. ఇవతలివారు తమ పాటతో బదులిచ్చిరి. తెల్లవాఱునప్పటికి పెక్కుచోట్ల ఇరువైపులవారును నడుమ పొలములోనికి వచ్చి చేతులు కలిపిరి, పొగాకును బొత్తాములను మార్చుకొనిరి, చచ్చినవారిని కలిసి పాతిపెట్టిరి. ఇట్లు తుపాకులు దించినవారు ఇంచుమించు లక్షమంది యుందురని చరిత్రకారుల లెక్క. ఆ యుద్ధరంగమున మన హిందూదేశపు సిపాయిలును నుండిరి. గఢ్వాలు పటాలమువారు తమ యెదుటి జర్మనులను ఆనాడు కలిసికొనిరి. ఎవరి పండుగ, ఎవరి యుద్ధము, ఎవరి దేశము! హిమాలయముల నుండి వచ్చిన రైతుబిడ్డలు ఆ చలిలో ఆ పాటను విని యేమనుకొనిరో వ్రాసిపెట్టినవారు లేరు. సేనాధిపతులకు మాత్రము ఇది కంటగింపయ్యెను. 1915లో క్రిస్మసు రాకమునుపే కఠినమైన యాజ్ఞలు వెడలినవి. ముందటియేటి దృశ్యము మఱల అంత విరివిగా కనబడలేదు.

ఫ్రెంచివారి కర్ధరాత్రి గీతమొకటి గలదు. ఇంగ్లీషున "ఓ హోలీ నైట్" అని ప్రసిద్ధము. పై స్థాయికి బోయి గాయకుల గొంతును పరీక్షించునది. విద్వద్గాయకులకది పందెపు పాట. దాని పద్యము 1847లో రోక్‌మోర్ అను పల్లెలో ప్లాసీద్ కప్పో అను ద్రాక్షసారాయి వర్తకుడు వ్రాసినది. చిన్నతనమున తుపాకి ప్రేలి యొకచేయి పోయినవాడు. సంగీతము అడాల్ఫ్ ఆడమ్ కట్టెను. నృత్యనాటకములకు బాణీలు కట్టి ప్యారిసున పేరెన్నికగన్నవాడు. సారాయి వర్తకుడును, నాటకశాల విద్వాంసుడును గలిసి భక్తిగీతము వ్రాయుటయేమని మతాధికారులు కొందఱు నిరసించిరి. జనులు వినలేదు. దాని చివరి చరణమున దాసుడును సోదరుడే యను భావము గలదు. 1855లో జాన్ సల్లివన్ డ్వైట్ దీనిని ఇంగ్లీషు జేసినప్పుడు అమెరికాలో నీగ్రోజాతివారి దాస్యమును గూర్చిన వివాదము ముదిరియున్న కాలము. దాస్యవిమోచనమును గోరు ఉత్తర రాష్ట్రములలో ఆ చరణమునకు ఎట్టి యాదరము లభించియుండునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇంతవఱకు చెప్పిన పాటల చరిత్ర మనవారిలో కొందఱెఱుగుదురు. ఇక చెప్పబోవుదానిని ఎఱిగినవారు తక్కువ. దుకాణములలో వినబడు పాటలలో నాలుగే స్వరములు గిరగిర తిరుగుచు, గంటలు మ్రోగినట్లు ఒకదానిపై నొకటి గొంతులు పేరుకొనుచు, వేగముగా సాగునదొకటి గలదు. ఇంగ్లీషున దానిని గంటల పాట యందురు. అది ఇంగ్లీషుది గాదు, అమెరికాది గాదు, అసలు క్రిస్మసుదే గాదు. అది యుక్రెయిను దేశపు సంవత్సరాది పాట. "షెడ్రిక్" దాని పేరు. మూలమున గంటలు లేవు. వానకోవెల పిట్ట యొకటి ఇంటిముంగిట వ్రాలి, గృహస్థుని పిలిచి, దొడ్డిలోని గొఱ్ఱెలు ఈనినవి చూచుకొమ్మని, ఈ యేడు నీకు సిరి కలుగునని చెప్పును. పల్లెపిల్లలు ఇంటింట తిరిగి పాడి ధాన్యమో భక్ష్యములో పుచ్చుకొను పాట. శీతకాలపు నడిమధ్య పిట్ట యెట్లు వచ్చెనని యడుగవలదు. పూర్వకాలమున వారికి సంవత్సరాది వసంతముననే వచ్చెడిదనియు, క్రైస్తవమతము వచ్చినపిదప పండుగ మంచుకాలమునకు జరిగినను పాట మాఱలేదనియు పెద్దలు చెప్పుదురు.

ఈ పల్లెపాటను బృందగానముగా మలచినవాడు మికొలా లియొంటొవిచ్. 1877లో పోడోలియా ప్రాంతమున గురువు యింట బుట్టి, బడిపంతులై, రైలుపనివారిని కూడగట్టి పాటలు నేర్పి, పల్లెలు తిరిగి జానపద గీతములు వ్రాసికొన్నవాడు. అతని షెడ్రిక్ 1916 డిసెంబరులో కీవ్ నగరమున మొదట వినబడెను. అప్పుడది రష్యా చక్రవర్తి పాలనలోని నగరము. యుక్రేనియను భాషలో పుస్తకము లచ్చువేయుటయే యొకప్పుడు నేరము. విప్లవము వచ్చి చక్రవర్తి పడిపోగా యుక్రెయిను తన స్వాతంత్ర్యమును ప్రకటించుకొనెను. నాల్గుదిక్కుల శత్రువులు. ఆ సమయమున, 1919 జనవరిలో ఆ రాజ్యనాయకుడు సైమన్ పెట్ల్యూరా చేసిన పని విచిత్రము. ఫిరంగులు చాలని ప్రభుత్వము ఒక గాయకబృందమును గూర్చి యూరపునకు పంపెను! మేమొక జాతిమి, మాకొక భాషయు గానమును గలవని లోకము వినవలెనని యుద్దేశము. ఒలెక్సాండర్ కోషిట్స్ దానికి నాయకుడు. ప్రేగ్, వియన్నా, ప్యారిసు, లండను నగరములలో పాడిరి. షెడ్రిక్ వచ్చినచోటనెల్ల మఱల పాడుమని సభికులు పట్టుబట్టిరి. చప్పట్లు కొట్టిన దేశములు రాజ్యమును గుర్తించుటలో మాత్రము చేతులు ముడుచుకొనినవి. బృందము తిరుగుచుండగనే తిరిగివెళ్లుటకు స్వదేశమే లేకపోయెను. సోవియటు సేనలు ఆక్రమించినవి. 1921 జనవరి 23వ తేదిన, పండుగకు తండ్రి యింటికి వచ్చిన లియొంటొవిచ్‌ను రాత్రి బస యడిగి ఆ యింటనే పరుండిన సోవియటు రహస్య పోలీసు ఉద్యోగి కాల్చిచంపెను. అతని కప్పుడు నలుబదిమూడేండ్లు. చంపినదెవరో తెలుపు పత్రములు 1990ల వఱకు వెలికి రాలేదు.

1922 అక్టోబరు 5వ తేదిన న్యూయార్కు కార్నెగీ మందిరమున ఆ దేశములేని గాయకులు షెడ్రిక్‌ను అమెరికాకు వినిపించిరి. 1936లో పీటర్ విల్హౌస్కీ ఆ బాణీకి గంటలను గూర్చిన ఇంగ్లీషు పదములు కూర్చెను. పిట్ట యెగిరిపోయినది, గంటలు వచ్చినవి, లోకమంతయు పాడినది. 1991లో యుక్రెయిను స్వతంత్రమయ్యెను. 2022 నుండి మఱల అగ్నిలో బడినది. ఈ డిసెంబరున ఏ దుకాణముననో ఆ నాలుగు స్వరములు విన్నప్పుడు పాఠకులు వానకోవెల నొకమాఱు తలచుకొందురుగాక.

ఉల్లాసపు పాటలను గూర్చి రెండుమాటలు. "జింగిల్ బెల్సు" అను మంచుబండి పాటను మన బడిపిల్లలెల్ల రెఱుగుదురు. జేమ్సు పియర్‌పాంట్ అనునతడు 1857లో బోస్టనున నచ్చువేయించినది. దానియందు క్రిస్మసు మాటయే లేదు. నల్లవారిని హేళన చేయుటకు తెల్లవారు ముఖమునకు మసి పూసికొని యాడు ప్రదర్శనలలో నది మొదట పాడబడినట్లు పరిశోధకులు కనుగొనిరి. అతని తండ్రి దాస్యమును ఖండించిన మతబోధకుడు, కొడుకు అంతర్యుద్ధమున దాస్యపక్షమువారికి పాటలు వ్రాసెను. పాపము పాటది గాదు, పసిపిల్లలది అసలే గాదు. 1965 డిసెంబరులో ఇద్దఱు అమెరికను వ్యోమగాములు నోటివాద్యముతోను చిఱుగంటలతోను దానినే వాయించి, అంతరిక్షమున వాద్యములపై మ్రోగిన మొదటి పాట యనిపించిరి.

"వైట్ క్రిస్మసు" అను పాటపై మాకు కొంచెము పక్షపాతము గలదు. మంచు కురియు పండుగను కలగను ఆ పాటను వ్రాసిన ఇర్వింగ్ బెర్లిన్ క్రైస్తవుడు గాడు. రష్యాసామ్రాజ్యమున బుట్టి, అయిదేండ్ల ప్రాయమున 1893లో అమెరికా చేరిన యూదు బిడ్డ. తండ్రి యూదుల ప్రార్థనాలయ గాయకుడు. ఆయన పోయినపిదప బాలుడు వార్తాపత్రిక లమ్మి, సారాయి కొట్లలో పాడి బ్రదికెను. స్వరలిపి చదువుట రాదు. 1928 డిసెంబరు 25వ తేదిన అతని నెల నిండని పసికందు మరణించెను. ఆ తేది యతని కెట్టిదో దీనివలన గ్రహింపవచ్చును. పాట 1942లో చలనచిత్రముద్వారా బింగ్ క్రాస్బీ కంఠమున వెలువడినది. పసిఫిక్ దీవులలో దోమలనడుమ పోరుచున్న సిపాయిలు, మంచు చూడగోరి కన్నీరు పెట్టుకొని, దీనిని మఱల మఱల కోరుకొనిరి. అయిదుకోట్ల ప్రతులు అమ్ముడైనట్లు అంచనా. పల్లవికి ముందుగ నతడు వ్రాసిన వచనభాగమున తాళవృక్షములు, ఎండ గలవు. దానిని పాడుట మానివేసిరి. పాడుచున్నవాడు మంచులో లేడు, మనవలెనే యెండలో నున్నాడను సంగతి అందుచే మఱుగుపడినది. 1975 ఏప్రిలులో సైగాన్ నగరము పడిపోవుచుండగా, అమెరికనులు పాఱిపోవలసిన గడియకు రేడియోలో నీ పాటయే సంకేతమయ్యెను.

వినదలచినవారికి మా సలహా యొకటి గలదు. దుకాణపు యంత్రమును వదలుడు. శుద్ధరాత్రిని ఒక గిటారుతో ఇద్దఱు పాడిన ధ్వనిముద్రణలో వినుడు; నూఱుమంది వాద్యబృందము ఆ పాటకు బరువు. షెడ్రిక్‌ను యుక్రేనియను భాషలోనే వినుడు. డిసెంబరు 24వ తేదిన మనకు రాత్రి ఎనిమిదిన్నరకు కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాల మందిరమునుండి వచ్చు రేడియో ప్రసారము వినదగినది. 1918లో, యుద్ధము ముగిసిన నెలన్నరకే, సైన్యమున గురువుగా పనిచేసి వచ్చిన యువకుడు ఆ యారాధనను నెలకొల్పెను. వెలుగు తగ్గిన మందిరమున ఒక్క బాలుడు తోడులేక మొదటి చరణము నెత్తుకొనును. ఏ బాలుడు పాడవలెనో చివరి క్షణము వఱకు వారికే తెలియదు.

ఇక మన యింటి సంగతి. తెలుగునాట ఈ పాటలు అనువాదములుగనే నిలిచిపోలేదు. పర్లాకిమిడి ప్రాంతమువాడైన పురుషోత్తమ చౌదరి (1803-1890) క్రైస్తవుడైన పిమ్మట పాశ్చాత్య బాణీలను పట్టుకొని వ్రేలాడక, పల్లవి, అనుపల్లవి, చరణములతో మన సంప్రదాయమున కీర్తనలు వ్రాసెను. "ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు" అను గ్రంథమును తెఱచిచూచినచో అనేక కీర్తనలకు పైని రాగతాళముల పేరులు కనబడును. త్యాగయ్యగారి కీర్తనలు పాడుకొను నింటివారు ఆ పుట తిరుగవేసినచో స్వరము వెదకుకొన నక్కఱలేదు. క్రీస్తు పుట్టుకను గూర్చిన పాటలును అట్లే మన జోలపాట ఫణితిని, మన భజనగోష్ఠి నడకను బొందినవి. హార్మోనియము, తబలా, డప్పు, తాళములు వాని వాద్యములు.

డిసెంబరు రెండవ పక్షమున మన పల్లెలలో ధనుర్మాసమును క్రిస్మసును కలిసివచ్చును. రాత్రి పదిగంటలు దాటినపిదప క్రైస్తవపేట పడుచువారు కాగితపు నక్షత్రములో దీపము పెట్టి, వెదురుకఱ్ఱకు గట్టి, మంచులో ఇంటింటి ముందు నిలిచి పాడుదురు. ఇంటివారు లేచి కాఫీ యిచ్చుటయో, చిల్లర యిచ్చుటయో కలదు. వారు వెళ్లి పండుకొను వేళకు తూర్పున వేగుచుక్క పొడుచును. అంతలో చిడతలు మ్రోయించుచు, తలపై అక్షయపాత్రతో, హరిదాసు ఆ వీథిలోనికే వచ్చును. కుక్కలు ఇద్దఱికిని సమానముగ మొఱుగును.